బట్టల అంగడికి విజ్ఞానశాస్త్రపు కావలి

నేడు హైదరాబాదు, విజయవాడ వంటి నగరములలోని పెద్ద బట్టల దుకాణములకు వెళ్లినవారు ద్వారమునకు ఇరుప్రక్కల నిలిచియున్న రెండు పలకలను చూచియే యుందురు. లోపల చొక్కా అంచునకో, చీర చెంగునకో గట్టి ప్లాస్టిక్ బిళ్ల యొకటి తగిలింపబడి యుండును. డబ్బు చెల్లించిన పిమ్మట గుమాస్తా దానిని ఊడదీయును. ఊడదీయని వస్త్రము ఆ పలకల నడుమ నుండి పోయినచో గంట మ్రోగును. చూచుటకు ఇది చిన్న ఏర్పాటు. కాని ఒక గుడ్డముక్క కొరకు మనిషి ప్రాణము తీసిన కాలము నుండి, దొంగతనమునకు అవకాశమే లేకుండ చేయజూచు కాలము వరకు సమాజము నడచిన త్రోవ ఈ బిళ్ల వెనుక కలదు. ఆ త్రోవలో భౌతికశాస్త్రము చేసిన సాయమెంతో, అది చేయలేని పని యేదో తెలిసికొనుట విద్యార్థులకు ఉపయుక్తము.

ఐదు షిల్లింగుల చట్టము

కొనుగోలుదారువలె నటించి అంగడిలో సరుకు అపహరించుట కొత్త నేరము కాదు. 1590ల ఆరంభములో రాబర్ట్ గ్రీన్ అను ఇంగ్లీషు రచయిత లండను మోసగాండ్రను గూర్చి వ్రాసిన చిన్న పుస్తకములలో ఈ దొంగల పద్ధతిని వర్ణించెను. ఒకడు బేరమాడుచు సరుకు తీయును. ఇంకొకడు దానిని అందుకొనును. మూడవవాడు వెలుపల వేచియుండి మోసికొని పోవును.

దీనిని అణచుటకు ఇంగ్లండు ప్రభుత్వము 1699లో ఒక చట్టము చేసెను. అంగడి నుండి ఐదు షిల్లింగులు గాని, అంతకు మించి గాని విలువ గల సరుకును రహస్యముగ దొంగిలించినవారికి ఉరిశిక్ష విధింపవచ్చునని అందులో వ్రాసిరి. ఈ చట్టము క్రింద ప్రాణము కోల్పోయినవారిలో మేరీ జోన్స్ కథ నేటికిని చెప్పుకొనదగినది. ఆమె భర్తను నౌకాదళమువారు బలవంతముగ పట్టుకొని పోయిరి. చిన్న పిల్లలతో దిక్కులేనిదైన ఆమె లండనులోని లడ్గేట్ హిల్ వీధిలో ఒక బట్టల అంగడిలో మస్లిన్ గుడ్డ దొంగిలింపబోయి పట్టుబడెను. 1771లో ఆమెను ఉరితీసిరి. 1777లో సర్ విలియం మెరిడిత్ పార్లమెంటులో ఈ ఉదంతమును చెప్పుచు, వర్తకుడు చూచుటతోనే ఆమె ఆ గుడ్డను తిరిగి క్రింద పెట్టినదనియు, ఉరికంబమునకు పోవునప్పుడు ఆమె చేతిలో పాలుత్రాగు బిడ్డ ఉన్నదనియు తెలిపెను.

ఇంత కఠినమైన చట్టమునకు దొంగతనములు తగ్గినవా? తగ్గలేదు. మీదుమిక్కిలి చట్టమే పనిచేయుట మానెను. ఒక గుడ్డ కొరకు మనిషిని చంపుటకు జూరీవారికి మనసొప్పలేదు. కావున వారు పోయిన సరుకు వెల ఎంత యున్నను, అది ఐదు షిల్లింగులకు తక్కువదే అని తీర్పు చెప్పి ముద్దాయి ప్రాణము కాపాడుచుండిరి. కొందరు వర్తకులు ఫిర్యాదు చేయుటకే వెనుదీసిరి. సర్ శామ్యూల్ రొమిలీ ఈ చట్టమును రద్దు చేయవలెనని 1810లో బిల్లు ప్రవేశపెట్టెను. ప్రభువుల సభ దానిని త్రోసిపుచ్చెను. అతడు పలుమారులు ప్రయత్నించియు ఫలితము చూడకయే 1818లో మరణించెను. 1820లలో గాని ఈ నేరమునకు మరణశిక్ష తొలగిపోలేదు.

శిక్ష యొక్క కాఠిన్యము కంటె, నేరము బయటపడుట తప్పదను నిశ్చయమే మనుష్యుని ఎక్కువగ నిలువరించునని ఇటలీ దేశస్థుడైన బెకారియా 1764లోనే వ్రాసియుండెను. కాని ఆ నిశ్చయమును కల్పించుట ఎట్లు? దానికి సమాధానము న్యాయశాస్త్రము నుండి గాక, చాల కాలమునకు భౌతికశాస్త్రము నుండి వచ్చెను.

తలుపులు తెరచిన అంగడి

పూర్వపు బట్టల కొట్టులో సరుకంతయు వర్తకుని వెనుక అరలలో నుండెడిది. మన ఊళ్లలో పరుపు మీద కూర్చుండబెట్టి గుమాస్తా చీరలు ఒక్కొక్కటిగ విప్పి చూపు పద్ధతిని తలచుకొనిన ఇది బోధపడును. అక్కడ సరుకునకు గుమాస్తా కన్నులే కావలి.

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ పద్ధతి మారెను. 1852లో పారిస్ నగరములోని బాన్ మార్షే అను దుకాణములో భాగస్వామిగ చేరిన అరిస్టీడ్ బూసికో, వెలలు సరుకు మీదనే వ్రాయించెను. కొనకున్నను ఎవరైనను లోపలికి వచ్చి సరుకును చేతితో తాకి చూడవచ్చుననెను. వ్యాపారము బహుముఖముల పెరిగెను. దానితో పాటు దొంగతనమును పెరిగెను. 1883లో ఎమిలీ జోలా ఇట్టి పెద్ద దుకాణమును గూర్చి వ్రాసిన నవలలో, సంపన్న కుటుంబపు స్త్రీ యొకతె లేసు దొంగిలించి పట్టుబడు ఘట్టము కలదు. ఆకలి లేనివారు కూడ తెరచియుంచిన సరుకును చూచి చేయి చాచుట ఆనాటివారికి ఆశ్చర్యము గొలిపెను.

తరువాతి మార్పు కిరాణా వ్యాపారము నుండి వచ్చెను. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరములో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ అను దుకాణము తెరచెను. కొనువారు తామే బుట్ట పట్టుకొని సరుకు తీసికొందురు. దొంగతనమును అరికట్టుటకు సాండర్స్ దుకాణపు నిర్మాణమునే సాధనముగ వాడెను. లోపలికి తిరుగుడు గేటు గుండ ప్రవేశింపవలెను. అరల నడుమ వంకరలు తిరిగిన ఒకే త్రోవ వెంట నడువవలెను. ఆ త్రోవ తిన్నగ గల్లా పెట్టె వద్దకు చేర్చును. ఈ నమూనాకు 1917లో అతనికి పేటెంటు లభించెను.

అయితే ఈ ఉపాయము బట్టలకు చాలదు. పప్పు పొట్లమును ఎంచుకొనుటకు అర నిమిషము చాలును. చొక్కాను తొడిగి చూడవలెను; అద్దము ముందు నిలువవలెను; తలుపు మూసికొని దుస్తులు మార్చుకొను గదిలోనికి పోవలెను. ఆ గదిలోనికి కావలివాని చూపు పోరాదు. పైగా వస్త్రము మడత పడును. మరియొక వస్త్రము క్రింద ఇమిడిపోవును. కనుక బట్టల అంగడికి కావలసినది కంటికి కనబడనిదానిని కనిపెట్టగల కావలి. సరుకు తానే తన ఉనికిని చాటుకొనవలెను.

సరుకే సాక్ష్యము పలుకుట

విచిత్రమేమనగా ఈ కావలికి మూలసూత్రము అవసరము కంటె ముప్పది సంవత్సరములు ముందే పుట్టెను. 1934 నాటి ఒక ఫ్రెంచి పేటెంటులో పియెర్ పికార్ అను నాతడు, మారుచున్న అయస్కాంత క్షేత్రములో నుంచిన లోహపు ముక్క, తన స్వభావమును బట్టి తీగచుట్టలలో ప్రత్యేకమైన సంకేతమును కలిగించునని చూపెను. నికెల్, ఇనుము కలిసిన పెర్మలాయ్ వంటి మిశ్రలోహము చాల సులభముగ అయస్కాంతమై, వెంటనే సంతృప్తి పొందును. అందుచేత పంపిన పౌనఃపున్యమే గాక, దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, ఇంకను ఎక్కువ రెట్లుగల పౌనఃపున్యములు కూడ అందుండి వెలువడును. సామాన్యమైన ఇనుప తాళపుచెవి ఇట్టి సంకేతమును అంత స్పష్టముగ ఇయ్యదు. నాడు ఈ విషయమునకు గిరాకీ లేకపోయెను. 1970 ప్రాంతమున గ్రంథాలయ పుస్తకముల వెన్నులో దాచు సన్నని లోహపు పట్టీలలో ఈ సూత్రమే అక్కరకు వచ్చెను.

బట్టల కొరకు మొదటి బిళ్లలను తయారుచేసినవారిలో న్యూయార్కుకు చెందిన ఆర్థర్ మినాసీ ముఖ్యుడు. ఇతడు 1966లో నోగో అను సంస్థను స్థాపించెను. ఇతని పద్ధతికి 1970లో పేటెంటు వచ్చెను. ఇంచుమించు ఆ కాలముననే ఒహాయో రాష్ట్రములోని ఏక్రన్ పట్టణములో రొనాల్డ్ అసాఫ్ అను దుకాణపు మేనేజరు, రెండు సీసాలు దొంగిలించి పారిపోవుచున్నవానిని తరిమి పట్టుకొనలేక పోయెననియు, ఆ ఉక్రోషములోనే తన బంధువుతో కలిసి కొత్త యంత్రమునకు పూనుకొనెననియు చెప్పుదురు. దాని నుండి సెన్సర్‌మాటిక్ సంస్థ పుట్టెను.

ఆ సంస్థ తొలినాళ్లలో సూక్ష్మతరంగములను వాడెను. బిళ్లలో ఒక చిన్న ఆంటెన్నా, ఒక డయోడు ఉండును. డయోడు విద్యుత్తును ఒక దిశలోనే సులువుగ పోనిచ్చును గనుక, వచ్చిన తరంగపు రూపమును మార్చి, అందులేని కొత్త పౌనఃపున్యములను సృష్టించును. ద్వారము వద్ద గ్రాహకము ఆ కొత్త పౌనఃపున్యములను మాత్రమే ఆలకించును. దీనికి ఒక లోపము కలదు. మానవ శరీరములో నీరు అధికము. నీరు సూక్ష్మతరంగములను పీల్చుకొనును. ఒంటికి అంటిపెట్టుకొని యున్న బిళ్ల యంత్రమునకు ఒకప్పుడు చిక్కకపోవచ్చును.

శ్రుతి కలిసిన తీగచుట్ట

1969లో అమెరికాలో స్థాపితమైన చెక్‌పాయింట్ సంస్థ రేడియో తరంగముల పద్ధతిని వ్యాపింపజేసెను. ఇందలి బిళ్లలో బ్యాటరీ యుండదు. అల్యూమినియము రేకును చుట్టలుగ కత్తిరించిన తీగచుట్ట ఒకటి, కెపాసిటరు ఒకటి మాత్రమే యుండును. ఒకే శ్రుతిలో నున్న రెండు తీగలలో ఒకదానిని మీటినచో రెండవది తాకకయే పలుకును. దీనినే అనునాదమందురు. తీగచుట్ట, కెపాసిటరు కలిసిన వలయమునకు కూడ తనదైన శ్రుతి యొకటి కలదు. దుకాణపు బిళ్లలో అది సాధారణముగ 8.2 మెగాహెర్ట్జులు.

ద్వారపు పలక ఈ పౌనఃపున్యమునకు కొంచెము దిగువ నుండి కొంచెము ఎగువ వరకు తరంగములను మార్చి మార్చి పంపుచుండును. ప్రతి బిళ్లయు కచ్చితముగ ఒకే శ్రుతిలో తయారు కాదు గనుక ఈ జాగ్రత్త అవసరము. శ్రుతి కలిసినంతనే బిళ్ల శక్తిని గ్రహించి డోలనము చేయును. గ్రాహకము ఆ మార్పును పసికట్టును. డబ్బు చెల్లించినప్పుడు కాగితపు బిళ్లను బలమైన క్షేత్రము గల బల్ల మీద ఆనింతురు. కెపాసిటరులో కావలెనని పలుచగ నుంచిన బంధకపు పొర అంతట తెగిపోవును. వలయము చెడి, బిళ్ల మూగదగును.

మ్రోగెడి లోహపు రేకు

ఈ చరిత్రలో మిక్కిలి సొగసైన ఘట్టము 1980లలో వచ్చెను. దీనికి బీజము 1842లో పడెను. ఇనుప కడ్డీని అయస్కాంతముగ చేసినప్పుడు దాని పొడవు అతి స్వల్పముగ మారునని ఆ సంవత్సరము ఇంగ్లండులో జేమ్స్ జౌల్ కనుగొనెను. రెండవ బీజము 1960 నాటిది. కాలిఫోర్నియాలో పోల్ డ్యువే, అతని సహచరులు కరిగిన బంగారము, సిలికాన్ మిశ్రమమును సెకనుకు పది లక్షల డిగ్రీల వంటి వేగముతో చల్లార్చిరి. పరమాణువులు వరుసలలో అమరుటకు వ్యవధి చిక్కక, గాజువలె అస్తవ్యస్తముగ ఘనీభవించిన లోహము లభించెను. తరువాతివారు ఇనుము మొదలగు లోహములతో ఇట్టి గాజులోహపు పట్టీలు చేసిరి. ఇవి బలహీనమైన అయస్కాంత క్షేత్రములో కూడ చక్కగ సాగి ముడుచుకొనును.

ఈ రెంటిని కలిపి అండర్సన్, బ్రెట్స్, కియర్నీ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు కొత్త బిళ్లను రూపొందించిరి. దీనికి 1985లో పేటెంటు వచ్చెను. చిన్న ప్లాస్టిక్ పెట్టెలో గాజులోహపు రేకు వదులుగ నుండును. దాని ప్రక్క సామాన్య అయస్కాంతపు రేకు యొకటి యుండును. ద్వారము వద్ద 58 కిలోహెర్ట్జుల అయస్కాంత క్షేత్రమును కొద్దిసేపు పంపి ఆపుదురు. లోపలి రేకు ఆ పౌనఃపున్యమునకు సరిగ సాగుచు ముడుచుకొనుచు కంపించును. గుడిగంటను కొట్టి చేయి తీసిన పిమ్మట అది మ్రోగుచునే యుండునట్లు, క్షేత్రము ఆగిన తరువాత కూడ రేకు లిప్తపాటు కంపించుచుండును. యంత్రము ఆ మౌనపు క్షణములోనే చెవియొగ్గును. తాను మాటాడునప్పుడు వినదు. ఎదుటివాని మాట వినునప్పుడు తాను మాటాడదు. అందుచేత ఇది ఇతర పద్ధతుల కంటె తక్కువగ పొరబడును. పలకల నడుమ సుమారు రెండు మీటర్ల ఎడము కూడ ఉంచవచ్చును.

ఇందు తరగతి గదిలో చేయదగిన లెక్క యొకటి కలదు. రేకు పొడవు ఇంచుమించు 38 మిల్లీమీటర్లు. రెండు కొనలును స్వేచ్ఛగ నున్న కడ్డీ తన మూల పౌనఃపున్యములో కంపించునప్పుడు దాని పొడవు తరంగదైర్ఘ్యములో సగము. కావున తరంగదైర్ఘ్యము 76 మిల్లీమీటర్లు. దీనిని 58,000 చేత గుణించినచో ఆ లోహములో ధ్వనివేగము సెకనుకు సుమారు 4,400 మీటర్లని తేలును. గాలిలో ధ్వనివేగముతో పోల్చిన ఇది పండ్రెండు రెట్లకు మించును. అంగడి బిళ్ల వలన ధ్వనివేగమును లెక్కకట్టుట విద్యార్థులకు వినోదముగ నుండును.

దొంగకు దక్కని వస్త్రము

గంట మ్రోగించుట ఒక ఉపాయము. దొంగిలించిన వస్తువు పనికిరాకుండ చేయుట మరియొకటి. 1980లలో కొన్ని దుకాణములు సిరా నింపిన బిళ్లలను తగిలింపసాగెను. బలవంతముగ ఊడదీయబోయినచో లోపలి గాజుగొట్టము పగిలి సిరా వస్త్రమంతటను చిందును. నేరమునకు గల అవకాశమును, లాభమును తగ్గించిన నేరము తగ్గునని వాదించిన రొనాల్డ్ క్లార్క్ అను నేరశాస్త్రజ్ఞుడు, రాబర్ట్ డిలొనార్డోతో కలిసి 1996లో ఈ బిళ్లల పనితనమును పరిశీలించి, వానిని వాడిన చోట్ల నష్టము తగ్గెనని ప్రకటించెను.

గట్టి బిళ్లను పట్టియుంచు యంత్రభాగము కూడ గమనింపదగినది. వస్త్రము గుండ పోయిన సూది, బిళ్లలోని చిన్న ఉక్కు గుండ్ల నడుమ దూరును. శంకువు ఆకారపు గిన్నెలో స్ప్రింగు ఆ గుండ్లను ఇరుకైన వైపునకు నెట్టుచుండును. సూదిని లాగినకొలది గుండ్లు మరింత బిగియును. గల్లా వద్ద నున్న బలమైన అయస్కాంతము గుండ్లను వెనుకకు లాగినప్పుడు మాత్రమే సూది వదులగును.

అయినను ప్రతి కావలికిని విరుగుడు పుట్టుచునే యున్నది. లోహపు తొడుగు లోపల విద్యుత్ ప్రభావము చేరదని 1836లో ఫారడే చూపిన విషయమును దొంగలును వాడుకొనిరి. దుకాణములవారు అట్టి సంచులను పట్టుటకు లోహశోధక యంత్రములను తెచ్చిరి.

గంట మ్రోగినంత మాత్రమున

ఈ యంత్రములను గూర్చి అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న ఇప్పుడు అడుగవలెను. గంట మ్రోగినచో ఆ మనిషి దొంగయేనా?

ఉదాహరణకు ఒక దినమున వేయిమంది దుకాణమునకు వచ్చిరనుకొందము. వారిలో ఐదుగురు దొంగలనుకొందము. యంత్రము ఆ ఐదుగురిలో నలుగురిని పట్టును. నిర్దోషులలో నూటికి ఒకరి విషయమున మాత్రమే అది పొరబడును. ఇది మంచి యంత్రమే అనిపించును. కాని లెక్క చూడుడు. నిర్దోషులు 995 మంది; వారిలో నూటికొకరు అనగా సుమారు పదిమంది. మొత్తము పదునాలుగు మారులు గంట మ్రోగును. అందు పదిమారులు నిర్దోషి మీదనే మ్రోగును. దొంగలు కొద్దిమంది, నిర్దోషులు అనేకులు అగుటచేతనే ఇట్లు జరుగును. గుమాస్తా బిళ్ల తీయుట మరచినను, వేరొక దుకాణపు బిళ్ల సంచిలో మిగిలియున్నను గంట మ్రోగును. పదిమంది ఎదుట దొంగవలె నిలువవలసి వచ్చిన నిర్దోషికి కలుగు అవమానమును ఏ యంత్రమును తిరిగి తీర్చజాలదు. కావున మంచి కావలిని కొలుచునప్పుడు అది ఎందరిని పట్టినదని మాత్రమే గాక, ఎందరిని అన్యాయముగ నిలిపినదని కూడ అడుగవలెను. తక్కువగ పొరబడు యంత్రము కొరకు ఇంజనీరులు పడిన శ్రమకు ఇదియే అసలు విలువ.

ఆరోగ్యమును గూర్చియు హెచ్చరిక యొకటి కలదు. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్నవారు ఈ పలకల నడుమ మామూలుగ నడచిపోవచ్చును గాని, వాని వద్ద నిలిచియుండుట, ఆనుకొనుట తగదని 1998లో అమెరికా ఆహార, ఔషధ శాఖ తెలిపెను.

పైన చెప్పిన పద్ధతులన్నియు ద్వారము వద్ద ఒకే మాట చెప్పగలవు: బిళ్ల కలదు, లేదా లేదు. అది ఏ వస్త్రపు బిళ్లయో చెప్పలేవు. ప్రతిఫలించిన రేడియో శక్తితో సమాచారము పంపవచ్చునని 1948లో హ్యారీ స్టాక్‌మన్ వ్రాసిన వ్యాసము మరియొక త్రోవ చూపెను. నేడు అనేక వస్త్రములకు తగిలించుచున్న రేడియో గుర్తింపు బిళ్లలలో ప్రతి చొక్కాకును ప్రత్యేకమైన సంఖ్య యుండును. ఏ చొక్కా అమ్ముడైనది, ఏది అమ్ముడు కాక బయటికి పోవుచున్నది యంత్రము చెప్పగలదు. దీనివలన నిర్దోషిని ఆపుట తగ్గవచ్చును. కాని కొన్న తరువాత కూడ ఆ సంఖ్య పలుకుచునే యున్నచో, కొన్నవాని కదలికలను ఇతరులు తెలిసికొను ప్రమాదము లేకపోలేదు. అమ్మకము ముగియుటతోనే బిళ్ల మూగవోవలెనన్న పాత నియమము ఇచ్చటను వర్తించును.

మేరీ జోన్స్ కాలములో వర్తకుని కన్ను తప్పిన సరుకునకు న్యాయాధిపతి ఉరిత్రాడు కాపలా కాచెను. నేడు నాలుగు సెంటీమీటర్లైనను లేని లోహపు రేకు ఆ పని చేయుచున్నది. ఇది విజ్ఞానము సాధించిన చిన్న విజయము కాదు. అయితే రేకు చెప్పునది బిళ్ల దాటుచున్నదని మాత్రమే. ఆ బిళ్లను మోయుచున్నవాడు దొంగయో, తొందరలో నున్న తండ్రియో, గుమాస్తా మరపునకు గురియైన బాలికయో తేల్చవలసినవాడు మనుష్యుడే. గంట మ్రోగినప్పుడు ద్వారము వద్దనున్న ఉద్యోగి ముందుగ మర్యాదతో పలుకరించుట ఈ యంత్రములో అమర్చని, అమర్చలేని భాగము.